దవడ గడ్డ ఎక్స్‌రేలో ఎంత కనిపిస్తుంది?

దవడ వాచినా నొప్పి లేకపోతే మనవాళ్లు పట్టించుకోరు. పిప్పి పన్ను వాపేలే అని లవంగ నూనె రాసుకుంటూ నెలలు గడిపేస్తారు. క్యాన్సర్ కాని కణితులు చాలావరకు ఇలాగే నొప్పి లేకుండా పెరుగుతాయి. దవడ మొత్తం ఒకే ఫిల్ములో వచ్చే ఓ.పి.జి. ఎక్స్‌రే తీస్తే బయటపడతాయి. యంత్రం తల చుట్టూ ఒకసారి తిరుగుతుంది, అర నిమిషం కూడా పట్టదు. కమ్మలు, ముక్కుపుడక, గొలుసు మాత్రం తీసేయాలి.

ఫిల్ము మీద ఎముక తెల్లగానూ, ఎముక కరిగిన చోటు నల్లగానూ ఉంటుంది. క్యాన్సర్ కాని కణితి మెల్లగా పెరుగుతుంది కనుక సాధారణంగా దాని అంచు గీత గీసినట్టు ఉంటుంది, పళ్లను పక్కకు నెడుతుంది. అంచు చెదలు తిన్నట్టుంటే డాక్టరుగారు క్యాన్సర్‌ను కూడా అనుమానిస్తారు. తెల్లగా కనిపించే గడ్డలూ ఉన్నాయి. ఓడొంటోమాలో చిన్న చిన్న పళ్లు గుత్తిగా కనిపిస్తాయి. పిల్లలకు శాశ్వత దంతం రాకుండా అడ్డుపడేది కొన్నిసార్లు ఇదే. తీసేస్తే సాధారణంగా మళ్లీ రాదు.

ముఖ్యంగా చెప్పవలసింది అమెలోబ్లాస్టోమా గురించి. పంటి ఎనామిల్‌ను తయారుచేసే కణజాలం నుంచి ఇది పుడుతుంది. పదిమందిలో ఎనిమిదిమందికి కింది దవడలోనే, ఎక్కువగా జ్ఞానదంతం వైపున వస్తుంది. ఎక్స్‌రేలో సబ్బు బుడగల్లాగానో, తేనెపట్టు గదుల్లాగానో ఉంటుంది. అక్కడి పళ్ల వేళ్లు అరిగి కురచగా కనిపిస్తాయి. ఒక్కోసారి ఒకే గదిగా ఉండి, బయటికి రాని పన్ను చుట్టూ వచ్చే మామూలు నీటి తిత్తిలాగే ఉంటుంది. అందుకే ఎక్స్‌రే ఒక్కటే చూసి పేరు ఖాయం చేయరు. ముక్క తీసి బయాప్సీకి పంపుతారు.

“సిస్టర్, ఫిల్ములో గడ్డ ఇంతే ఉంది కదా, పక్కన బాగున్న ఎముక కూడా ఎందుకు తీస్తారు?” అని బంధువులు అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. ఎముకలోని ఖనిజం సుమారు మూడో వంతైనా పోతే గాని ఫిల్ము మీద నలుపు తేలదు. ఈ కణితి ఆ నల్లటి అంచు దాటి, ఎముక లోపలి జల్లెడలాంటి భాగంలోకి పాకుతుంది. ఎక్స్‌రేలో మాత్రం ఆ చోటు బాగున్నట్టే ఉంటుంది. కాబట్టి బుడగల రకానికి అంచు అవతల ఒకటి నుంచి రెండు సెంటీమీటర్ల ఎముకను కూడా కలిపి తీస్తారు. గీకి వదిలేస్తే ముఖం ఆకారం చెడదు, నిజమే. కానీ చాలామందిలో తిరిగి వస్తుంది, అప్పుడు చేసే ఆపరేషను మరీ పెద్దది. తీసిన ఎముక స్థానంలో ప్లేటు గాని, కాలి నుంచి తీసిన సన్నటి ఎముక గాని అమర్చే వీలుంది.

తిరిగి వచ్చేవాటిలో సగానికి పైగా ఐదేళ్లలోపే కనబడతాయి, కొన్ని పదేళ్లు దాటాక కూడా వస్తాయి. కనుక గాయం మానింది గదా అని పరీక్షలకు రావడం మానకండి. పాత ఫిల్ములు మడవకుండా దాచి, వచ్చిన ప్రతిసారీ తెండి. ఫోనులోకి పంపిన ఎక్స్‌రే అయినా చెరిపేయవద్దు. పాతదాని పక్కన కొత్తది పెట్టి చూసినప్పుడే చిన్న మార్పు కూడా తెలుస్తుంది.

రెండు వారాలైనా తగ్గని వాపు, కారణం లేకుండా కదిలే పన్ను, కింది పెదవి తిమ్మిరి, వీటిలో ఏది ఉన్నా పన్ను పీకించుకునే ముందే ఎక్స్‌రే తీయించండి.