బిందు ఒడిలోని బిడ్డ

శరత్‌బాబు రచనలు తెలుగు ఇళ్ళలో ఎంతగా కలిసిపోయాయంటే, ఆయన బెంగాలీ రచయిత అన్న సంగతే చాలామందికి గుర్తురాదు. 1914లో వెలువడిన ‘బిందూర్ ఛేలే’ (బిందు కొడుకు) వాటిలో ఒకటి. బిందుకు సంతానం లేదు. మూర్ఛలతో బాధపడే ఆమె ఒడిలో తోడికోడలు అన్నపూర్ణ తన పసివాణ్ణి ఉంచుతుంది. నాటి నుండి అమూల్యుడు బిందు బిడ్డయ్యాడు. పిన్నిని ‘అమ్మా’ అని, కన్నతల్లిని ‘అక్కా’ అని పిలుస్తూ పెరిగాడు. కలహం వచ్చి ఇల్లు చీలినప్పుడు బిందు పుట్టింటికి వెళ్ళి, అన్నం, మందు మానేసి మంచం పట్టింది.

ఆమెను పొగరుబోతు జమీందారు బిడ్డగా చూడటం సులభమే. నాకలా తోచదు. కన్నతల్లి పదిరోజులు అలిగినా తల్లిగానే మిగులుతుంది. బిందుకు ఆ ధీమా లేదు. ఆమె మాతృత్వం మరొకరి సమ్మతి ఉన్నంతవరకే. ఆమె కోపమంతా ఆ భయమే.

మా గోదావరిఖనిలో సంతానం లేని ఇల్లాలు ఒక ప్రశ్న అదనంగా వినవలసి వస్తుంది: “మీ ఆయన బాయి దిగిపోతే ఉద్యోగం ఎవరికి పెట్టిస్తారు?” సింగరేణి క్వార్టర్లలో ఉండే ఒక సోదరి అటువంటి మాటలు పడుతూనే మరిది కూతుర్ని నలభై దినాల పసికందుగా తెచ్చుకుని పెంచింది. పెళ్ళి కుదిరాక నా వద్దకు వచ్చి, “మౌలానా సాబ్, నికాహ్‌నామాలో తండ్రి పేరు మా ఇంటాయనది రాయకూడదా?” అని అడిగింది.

కూడదన్నాను. పెంచుకున్నవారిని వారి తండ్రుల పేరుతోనే పిలవమని అహ్‌జాబ్ సూరా 5వ ఆయత్ ఆదేశం. జైద్ బిన్ ముహమ్మద్‌గా పిలవబడిన హజ్రత్ జైద్ (రజి) తిరిగి జైద్ బిన్ హారిసా అయ్యారు. అయినా దైవప్రవక్త (స) వాత్సల్యం తగ్గలేదు. మూతా యుద్ధంలో సేనానిగా పంపింది ఆయననే.

“అయితే నేనెవర్ని?” అన్నదామె.

మొదటి ప్రశ్నకు జవాబు ఫిఖహ్ గ్రంథాలలో ఉంది. దీనికి నావద్ద వెంటనే జవాబు లేకపోయింది. కాసేపటికి హజ్రత్ ఆయిషా (రజి) గుర్తొచ్చారు. ఆమెకు సంతానం లేదు. తన సహచరిణులందరికీ బిడ్డల పేరున కునియత్ ఉన్నదని ఆమె అన్నప్పుడు, అక్క అస్మా (రజి) కుమారుడైన అబ్దుల్లా పేరు పెట్టుకోమన్నారు దైవప్రవక్త (స). ఆమె ఉమ్మె అబ్దుల్లా అయ్యారు. అబ్దుల్లాకు తల్లిగా అస్మాయే ఉన్నారు. ఒకరి పేరు చెరపకుండానే మరొకరికి అమ్మ అనే పిలుపు దక్కింది. బిందు ఇంట్లో లేనిది ఈ ద్వారమే. అక్కడ కన్నతల్లి ‘అక్క’ అయితేగాని పిన్ని ‘అమ్మ’ కాలేకపోయింది.

ఇంకొక సంగతి కూడా చెప్పాను. పెంచిన బిడ్డకు జీవించి ఉండగా ఏమైనా కానుకగా ఇవ్వవచ్చు. వారసురాలు కాదు గనుక ఆస్తిలో మూడోవంతు వరకు వసియత్ రాయవచ్చు. ఈ సంగతి తెలియని కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి.

ఆమె కన్నీళ్ళను అసహనమని నేననను. శుభవార్త విన్న హజ్రత్ సారా (అలైహిస్సలాం) ముఖం కొట్టుకుని, తాను ముసలిదాన్ని, గొడ్రాలినని అన్నట్లు జారియాత్ సూరాలో ఉంది. ఆ ఆశ్చర్యాన్ని, ఆ బాధను దివ్య ఖుర్‌ఆన్ దాచలేదు.

నికాహ్ రోజున తండ్రిగా మరిది పేరే చదివాను. అమ్మాయి సమ్మతి అడగటానికి పరదా వెనుకకు వెళ్ళినవారు చాలాసేపటికి గాని తిరిగి రాలేదు. అమ్మీ వచ్చేవరకు జవాబు చెప్పనని కూర్చుందట. అమ్మీ వంటల దగ్గర ఉంది.