అడివి పెంచినారు సరే, కాగితం యాడ?

ధర్మవరం నుంచి చెన్నేకొత్తపల్లి మీదుగా పెనుకొండకు పోయేటోళ్లకు గుట్టల మీద తిరిగే గాలిమరలు కనపడతాయి. సెల్ఫీలు కూడా దిగుతారు. ఆ గుట్టల కింద ఏం కథ ఉందో మన పిలకాయల్లో చానామందికి తెల్దు. చెన్నేకొత్తపల్లి, రొద్దం, రామగిరి మండలాల నడాన ఉండే ఆ కొండ భూములకు కల్పవల్లి అని పేరు. ఊర్లోళ్లు కూడి పెంచుకున్న అడివి అది. దాని సంగతి ఒకసారి సాఫీగా చెప్పుకోవాల. ఎందుకంటే ఈ పొద్దు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పక్క ఏ పల్లెలో సంఘం పెట్టాలన్నా అందులో నేర్చుకునేది ఉండాది.

1990లో బబ్లూ గంగూలీ, మేరీ వట్టమట్టం, వాళ్ల స్నేహితులు చెన్నేకొత్తపల్లి దగ్గర 32 ఎకరాల బీడు కొని టింబక్టు కలెక్టివ్ మొదలుపెట్టినారు. అప్పటికి ఆ చుట్టుపక్కల గుట్టలన్నీ బోడిగా ఉండె. మన సీమలో వాన ఎంత, ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల అటూ ఇటూ. అదీ ఒక ఏడు పడి రెండేండ్లు ముఖం చాటేసే వాన. అట్లాంటి చోట చెట్లు నాటితే బతికేది తక్కువ. అందుకే వీళ్లు నాటింది కొంతే, కాపాడిందే ఎక్కువ. కావలోళ్లను పెట్టుకున్నారు, ఎండాకాలం మంటలు పాకకుండా గడ్డి చెక్కి బాటలు తీసినారు, చెట్టు నరకొద్దని ఊరూరా మాట్లాడుకున్నారు. భూమిలో మిగిలిన వేర్లు, విత్తనాలే మొలిచి పైకి లేసినాయి.

1990ల మొదట్లో చిన్నగా మొదలైన పని ఊరు తర్వాత ఊరు చేరి 7,000 ఎకరాలు దాటింది. బోదగడ్డి వచ్చింది, జీవాలకు మేత దొరికింది. వంకల్లో ఈత చెట్లు లేసినాయి, ఆ ఈతాకుతో చాపలు, బుట్టలు, చీపుర్లు అల్లి బతికేటోళ్లకు పని దొరికింది. తోడేళ్లు, జింకలు తిరిగి కనపడినాయి. వంకల్లో నీళ్లు ఎక్కువ నాళ్లు నిలబడినాయి. ఇంత పని సర్కారు చేసింటే ఎన్ని బోర్డులు పెట్టుకునేదో!

ఇంత జరిగినా, రెవెన్యూ రికార్డులో మాత్రం ఆ భూమి బంజరే. గాలిమరల కంపెనీకి భూములిచ్చే యాలకు రికార్డే చూసినారు గానీ గుట్ట ఎక్కి చూడలేదు. 2010 తర్వాత ఆ గుట్టల మీద పదుల కొద్దీ గాలిమరలు లేసినాయి. మర ఒక్కటి నిలబెట్టేకి దాని కింద పట్టే నాలుగు గజాలు సాలవు. దాని రెక్కను మోసే లారీ మలుపు తిరగాలంటే వెడల్పు రోడ్డు కావాల, రోడ్డుకు గుట్ట అంచును కోయాల. కోసిన మట్టి వంకలో పడుతుంది. వాన నీళ్లు గడ్డిలో ఇంకే చోట రోడ్డు పట్టుకొని పారతాయి. మన దేశంలో 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లో గాలి కరెంటు ప్రాజెక్టులు లేవు. అంటే ముందుగా అధ్యయనం, ప్రజాభిప్రాయ సేకరణ ఏవీ పెట్టే పని లేదు. గొడవ జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. గాలి కరెంటు వద్దని నేను అనను, బొగ్గు కన్నా మేలే. కానీ ఇరవై ఏండ్లు కాపాడినోళ్లను ఒక మాట అడగకుండా పని మొదలుపెట్టే వీలు ఎట్ల దొరికింది అనేదే నా ప్రశ్న. జవాబు కూడా కష్టం కాదు. పని గుట్ట మీద జరిగింది, రికార్డులోకి ఎక్కలేదు.

దీన్ని పక్కనే జరిగిన ఇంకో పనితో పోల్చి చూడండి. అదే సంస్థ అండతో అదే పల్లెల్లో ఆడోళ్లు 1990ల్లోనే పొదుపు మొదలుపెట్టినారు. నెలకింత అని వేసుకొని, అందులోనుంచే అప్పులు తీసుకొని, వడ్డీ కూడా తమకే మిగిలేట్టు చూసుకున్నారు. 1995లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది, దేశంలో అట్లాంటి చట్టం అదే మొదటిది. పాత 1964 చట్టం కింద సొసైటీలో సర్కారు వాటా ఉండేది, పాలకవర్గాన్ని రద్దు చేసే అధికారం ఉండేది. కొత్త చట్టంలో సభ్యుల డబ్బే మూలధనం, సభ్యులు రాసుకున్న నియమావళే నడక. ఆ చట్టం కింద పొదుపు సంఘాలు నిలబడి, మహాశక్తి అనే సమాఖ్యగా కూడినాయి. తర్వాత 2008లో చిరుధాన్యాలు, శనక్కాయ పండించే రైతులకు ధరణి అనే సహకార సంఘం వచ్చింది. వాళ్ల సరుకు టింబక్టు ఆర్గానిక్ పేరుతో అంగళ్లలో దొరుకుతుంది.

లెక్క కోసం అనుకుందాం. ఇరవై మంది ఆడోళ్లు నెలకు 100 వేస్తే ఏడాదికి 24,000. అందులో అప్పు ఇచ్చి నూటికి రూపాయి వడ్డీ తీసుకున్నా, ఆ వడ్డీ వాళ్ల పుస్తకంలోనే ఉంటుంది. అదే మైక్రోఫైనాన్సోళ్ల దగ్గర తీసుకుంటే వడ్డీ హైదరాబాదుకో బొంబాయికో పోతుంది. 2010 అక్టోబరులో రాష్ట్ర సర్కారు ఆ కంపెనీల వసూళ్లను ఆపేకి ఆర్డినెన్సు తేవాల్సి వచ్చిందంటే పల్లెల్లో ఎంత నలిగింటారో అర్థం చేసుకోండి. సొంత డబ్బు, సొంత పుస్తకం, చట్టం కింద రిజిస్ట్రేషను ఉండే సంఘాన్ని వేరేవాళ్లు వచ్చి ఇది ఖాళీగా ఉంది అని రాసుకోలేరు. గుట్టను మాత్రం అట్ల రాసుకోగలిగినారు.

పెనుకొండ అంటే మనకు కోట, బాబయ్య దర్గా, ఇప్పుడైతే కియా. అక్కడినుంచే యంగ్ ఇండియా ప్రాజెక్టు వాళ్లు, నరీందర్ బేడీ ముందుండి, వ్యవసాయ కూలీలను యూనియన్లుగా కూడగట్టినారనేది ఈ తరానికి పెద్దగా తెల్దు. టింబక్టు పెట్టినోళ్లలో బబ్లూ గంగూలీ అంతకు ముందు ఆ పనిలో ఉన్నాయనే. ఏడుగురు కలిస్తే సంఘం రిజిస్టరు చేయించుకోవచ్చని 1926 నాటి ట్రేడ్ యూనియన్ చట్టం చెప్పింది. ఫ్యాక్టరీ వాళ్లకే అనుకున్న ఆ చట్టాన్ని కూలికి పోయేటోళ్లు వాడుకోవడం చిన్న సంగతి కాదు. మీటింగులో ఒక కూలాయన లేసి అడిగితే "పో అప్పా" అనే ఆఫీసరు, సంఘం ముద్ర ఉన్న అర్జీ తెస్తే తారీకు వేసి తీసుకోక తప్పదు.

ఇదంతా ఇప్పుడెందుకు చెప్తా ఉండానంటే, మన పక్క భూమి రికార్డులు ఇప్పుడే కదులుతా ఉండాయి. 2020 డిసెంబరులో రాష్ట్రంలో రీసర్వే మొదలయింది. రీసర్వే అయిన ఊర్లలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీఎం నంబర్లు వచ్చినాయి. సొంత పట్టా భూమికైతే ప్రతి రైతూ పోయి కొలతలు చూసుకుంటాడు. మేత బీడుకు, వంకకు, గుట్టకు ఎవరు పోతారు? ఇంకోపక్క 2024 అక్టోబరులో సర్కారు క్లీన్ ఎనర్జీ పాలసీ తెచ్చింది. 160 గిగావాట్లకు మించి సౌరం, గాలి కరెంటు లాంటివి పెట్టాలనేది అందులో లక్ష్యం. అంత కరెంటుకు భూమి కావాల, గాలీ ఎండా దండిగా ఉండే మన గుట్టల మీద కన్ను పడకుండా పోదు. హిందూపురం పక్క చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో లేపాక్షి నాలెడ్జ్ హబ్ అని 8,844 ఎకరాలు పోయింది మనం చూసినాం. హబ్బూ రాలేదు, అందులో చెప్పిన ఉద్యోగాలూ రాలేదు.

రికార్డులో ఒక్క మాట తేడా ఎంత పని చేస్తుందో చూడండి. సర్కారు భూమి అంతా ఒకటే కాదు. గయాళు అనీ ఏడబ్ల్యుడీ అనీ రాసిన భూమిని ఎవరికైనా కేటాయించే వీలుంది. మేత పోరంబోకు అని రాసింటే దాని దారి వేరు. 1994 నాటి పంచాయతీరాజ్ చట్టం 58వ సెక్షను ప్రకారం మేత పోరంబోకు, కళ్లాలు, శ్మశానాలు, పశువులు నిలబడే చోట్లు, బండి దారులు, తోపులు, సర్కారుకు వేరే పనికి అవసరం లేనంత వరకు, గ్రామ పంచాయతీ చేతిలో ఉంటాయి. ఇది ఇనుప కోట ఏం కాదు, సర్కారు కావాలనుకుంటే వెనక్కి తీసుకునే సందు చట్టంలోనే ఉంది. కానీ అప్పుడు పంచాయతీని దాటి పోవాల, కారణం రాయాల. 2011 జనవరి 28న జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఊరి ఉమ్మడి భూముల ఆక్రమణలు తొలగించాలని చెప్పింది కూడా ఇట్లాంటి భూముల గురించే. కొంతమంది అటవీ హక్కుల చట్టం ఉంది గదా అంటారు. 2006 నాటి ఆ చట్టం అటవీ భూములకు. కల్పవల్లి మాదిరి రెవెన్యూ బంజరులో ఊరోళ్లు పెంచిన అడివికి అది అక్కరకు రాదు. అడివి ఉండాది గానీ అడివి అనే పేరు లేదు, ఇదీ మన తిరకాసు.

ఇంకో దారి ఉంది, దాన్ని మనోళ్లు తాకడమే లేదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య కమిటీ ఉండాల, ఊర్లో ఏ చెట్టు, ఏ గడ్డి, ఏ జంతువు ఉందో ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాల. చానా చోట్ల అది ఎవరో కూచొని నింపిన కాగితం. మీ ఊరి రిజిస్టరులో మీ గుట్ట మీది ఈతచెట్టు, బోదగడ్డి, మీ గొర్రెలు మేసే దారి ఉండాయో లేవో అడిగి చూడండి. పిలకాయలకు ఇది చేతనైన పని. మీ చేతిలో ఫోనుంది, తారీకుతో ఫోటో వస్తుంది, తాతోళ్లకు పేర్లు తెలుసు. ఇద్దరూ కూచుంటే రెండు ఆదివారాల్లో మంచి రిజిస్టరు అవుతుంది.

మొదలుపెట్టేకి పెద్ద సంస్థ ఏమీ అక్కర్లేదు, పదిమంది సాలు. మీ ఊరి ఉమ్మడి భూముల సర్వే నంబర్లు, రీసర్వే అయింటే ఎల్‌పీఎం నంబర్లు, అడంగల్‌లో వాటి వర్గీకరణ ఏమని రాసిందో సమాచార హక్కు చట్టం కింద తహసీల్దారు ఆఫీసులో అడగండి. మన రాష్ట్రంలో మండల స్థాయి ఆఫీసులో ఆ అర్జీకి ఫీజు 5 రూపాయలు, ఊరి స్థాయిలో అయితే ఫీజే లేదు. 30 రోజుల్లో జవాబు ఇయ్యాల. కాగితం చేతికొచ్చినాక గ్రామసభ పెట్టినప్పుడు పోండి. మాట్లాడి చప్పట్లు కొట్టించుకొని రావద్దండి, మీ మాట తీర్మానం పుస్తకంలో రాయించండి, ఏ నంబరు భూమి, ఎన్ని ఎకరాలు, ఏ పనికి వాడుకుంటా ఉండారు అనేది వివరంగా. ముందు తరం ఆడోళ్లు వేలిముద్రలతో పొదుపు పుస్తకాలు నడిపినారు, మీకు చదువుంది. సంతకాలు అయినాక ఆ పేజీ నకలు సెక్రటరీ ముద్రతో తీసుకొని, ఒకటి తహసీల్దారుకు ఇచ్చి, ఇచ్చినట్టు రసీదు తెచ్చుకోండి.