గూఢచారి చిత్రములలోఁ గథయుఁ బోరాటమును

గుహ శబ్దమును గూఢ శబ్దమును ఒక్క ధాతువునుండియే పుట్టినవి. కప్పుట, దాఁచుట యని దాని కర్థము. గూఢచారి యనఁగా దాఁగి తిరుగువాఁడు. గుహ యనఁగా దాఁగిన చోటు. ఈ చుట్టఱికము శబ్దమాత్రము కాదని నంద్యాల జిల్లాయందు, కొలిమిగుండ్ల మండలములోని బెలుం గుహలలో దిగినవారి కెఱుక పడును. పైనఁ జూడఁగా సమతలమైన నేల. గొయ్యివంటి ద్వారమునఁ గ్రిందికి దిగినచో 3,229 మీటర్ల మేరకుఁ గొలిచిన బిలములు. ఒకచోట వంగి నడువవలసిన యిఱుకుదారి. మఱియొకచోటఁ బలువురు నిలువఁదగిన మండపము. ఇఱుకుదారి లేనిచో మండపము విశాలమని తోఁపదు. మండపమే యెడతెగక సాగినచో గుహ గుహయే కాదు. గూఢచారి చలనచిత్రములలోఁ గథకును బోరాటమునకును గల సంబంధ మిట్టిదే.

1962లో 'డాక్టర్ నో' యను నాంగ్లచిత్రము వెలువడిన పిమ్మట నిట్టి చిత్రములు దేశదేశములఁ బ్రబలినవి. 1966లో 'గూఢచారి 116' తెలుఁగునఁ దెరకెక్కినది. కథ యెంత, పోరాట మెంత యుండవలయునను ప్రశ్న కొందఱు గడియారముతోఁ దీర్పఁజూతురు. గంటసేపు కథ, గంటసేపు పోరాటము నున్నచో సమత కుదిరెనని వారి తలంపు. ఇది తక్కెడ న్యాయమే కాని కావ్యన్యాయము కాదు. గూఢచారికథకు మూలధనము రహస్యము. అది యెవరియొద్ద నున్నది, ఎవరికిఁ దెలిసినది, ఎవరు తప్పుగాఁ దెలిసికొనిరి యనుటయే కథాగమనము. పోరాటము ముగియునప్పటికి రహస్యపుస్థితి మాఱినచో నా పోరాటము కథలో భాగము. మాఱనిచో నెంత చక్కగాఁ జిత్రింపఁబడినను నది కథకు నిలుకడయే.

ఈ విషయమును తొమ్మిదవ శతాబ్దమునఁ గాశ్మీరమున ధ్వన్యాలోకమును రచించిన యానందవర్ధనుఁడు చలనచిత్రము నెఱుఁగకయే తేల్చి యున్నాఁడు. ప్రబంధమున రసమును సమయ మెఱిఁగి యుద్దీపింపఁజేయుటయు, సమయ మెఱిఁగి శమింపఁజేయుటయు నవసరమని యతని మతము. పరిపోషమును బొందిన రసమునే మరల మరల నుద్దీపింపఁజేయుట దోషమనియు, నట్టి రసము పలుమాఱు నలిపిన పువ్వువలె వాడిపోవుననియు నతఁడు చెప్పెను. ఒక పోరాటము ముగిసిన వెంటనే దానికంటెఁ బెద్దది, ఆపైని మఱియుఁ బెద్దది చూపు చిత్రములందుఁ బ్రేక్షకుఁ డలసిపోవుటకుఁ గారణ మిదియే.

ఇందుల కుదాహరణము విశాఖదత్తుని ముద్రారాక్షసము. ఏడంకముల యీ నాటక మాద్యంతము గూఢచారుల కథ. యమపటము చూపి బిచ్చమెత్తు వేషమున నిపుణకుఁడు రాక్షసుని ముద్రికను దెచ్చి చాణక్యున కిచ్చును. ఆ యుంగరముతో ముద్రవేసిన లేఖయే యైదవయంకమున రాక్షసుని పక్షమును విడఁగొట్టును. యుద్ధమును మరణమును రంగమునఁ బ్రత్యక్షముగాఁ జూపరాదని నాట్యశాస్త్రనియమ ముండుటచే, చంద్రగుప్తునిఁ జంపుటకుఁ జేసిన ప్రయత్నములన్నియు రెండవయంకమునఁ బాములవాని వేషమున వచ్చిన విరాధగుప్తుని నోటనే తెలియును. పడకటింటి గోడలోని సొరంగమున ఘాతకులు దాఁగియుండిరి. గోడబీటనుండి యన్నపుమెతుకులను మోసికొని వచ్చు చీమలబారును జాణక్యుఁడు చూచెను. లోపల మనుష్యులున్నారని గ్రహించి యాగృహమును గాల్పించెను. ఇచట మంట క్షణకాలపుఁ గార్యము. చీమలను జూచుటయే కథ. రాక్షసుఁ డొక్కొక్క వార్త వినుచుఁ దన పన్నాగములు తనకే యెదురు తిరుగుట నెఱుంగును.

నాటకమున కది తగును గాని, కన్నులకుఁ జూపుటయే ప్రాణమైన చలనచిత్రమున కెట్లు తగునని యాక్షేపింపవచ్చును. ఆక్షేపము సరియైనదే. తెరపైఁ బోరాటమును మాటలతో సరిపుచ్చినచోఁ బ్రేక్షకుఁడు మోసపోయితి ననుకొనును. కాని ముద్రారాక్షసమునుండి నేర్వవలసినది పోరాటమును మానుట కాదు, దానికి ముందు చీమలబారును జూపుట. తెరపై నా చీమలను దగ్గఱగాఁ జూపినచో ఖడ్గములు దూయకమునుపే ప్రేక్షకుని యూపిరి నిలిచిపోవును. పిదప వచ్చు మంటకు బలము కలుగును.

తెలుఁగు చిత్రములు రెండింటితో దీనిని బరీక్షింపవచ్చును. ఎం. మల్లికార్జునరావు దర్శకత్వమునఁ గృష్ణ నాయకుఁడుగా వచ్చిన 'గూఢచారి 116'లో నొక గూఢచారి వధింపఁబడఁగా నతని పనిని 116 సంఖ్యగల వేఱొకఁడు చేపట్టును. తొలి హింసయే ప్రశ్నకు బీజమగుటచేఁ గథకు బిగువు కలిగెను. అది 1967లో 'ఫర్జ్' అను పేర హిందీలోనికిఁ బోయెను. శశికిరణ్ తిక్క దర్శకత్వమున, అడివి శేష్ నాయకుఁడుగా 2018లో వెలువడిన 'గూఢచారి' యాపాతచిత్రపు 116 సంఖ్యను స్మరించినది. ఇందు నూతనముగాఁ జేరిన చారునిపైఁ దన సంస్థ పెద్దలను జంపిన నింద పడును. ఆ హత్యాఘట్టముతో వేఁటకాఁడే వేఁటయగును. పిదపఁ బ్రతి పోరాటమును నిందను మోపిన దెవరను ప్రశ్నకు సమీపించుటయే. తుదకు శత్రువు తన తండ్రియే యని తెలియుటచేఁ గడపటి సంఘర్షణము బాహుబలపరీక్షగా మాత్రమే నిలువక సత్యదర్శనమైనది.

దీనికి విపర్యయమును గలదు. 2023లో విడుదలయై పరాజయము పొందిన 'ఏజెంట్' చిత్ర విషయమునఁ బూర్తి కథాప్రతి లేకయే చిత్రీకరణము నారంభించుట పొరపాటని నిర్మాత యనిల్ సుంకర బహిరంగముగా నంగీకరించెను. ఈ యొప్పుకోలు గౌరవింపఁదగినది. పోరాటములకు వెచ్చించిన ధనము కథాలోపమును బూడ్పఁజాలదని యిది చాటుచున్నది. దారి త్రవ్వక మండపములు గట్టినచో నొకదానినుండి యింకొకదానికిఁ బోవు వీలుండదు.

కావున రచయితకుఁ గాని దర్శకునకుఁ గాని యొక్క పరీక్ష చాలును: ఈ పోరాటమును దీసివేసినచో నెవరి యెఱుకలో లోపము కలుగును? ఎవరికిని గలుగనిచో నది తీసివేయఁదగినది. ఒక్కరికైనఁ గలిగినచో నది యుంచఁదగినది. నిడివి యప్పుడు దోషము కాదు. బెలుం గుహలలో మండపమును జేరినవాఁడు చూపు విప్పార నిలుచును. ఆ విప్పారుట తాను వంగి నడచిన దారి యిచ్చినదే. విజ్ఞు లీ న్యాయమును దక్కిన చిత్రములందును బరిశీలింతురు గాక.