మెరిసే షేర్వానీ: గుర్తింపు, ధారణ

గత వార్షికోత్సవంలో బైత్‌బాజీ పోటీకి మా విద్యార్థులు పలువురు షేర్వానీలు ధరించి వచ్చారు. దీపాల వెలుగులో అన్నీ మెరిసినవే. అద్దెకు తెచ్చినవి అద్దం పెంకుల వలె కంటిలో గుచ్చుకుంటుండగా, బి.ఏ. రెండవ సంవత్సరపు విద్యార్థి ఒకడు ధరించిన తాతగారి షేర్వానీ మాత్రం అతడు కదిలినప్పుడొక రంగు, నిలిచినప్పుడొక రంగు చూపింది. అది ఏ వస్త్రమని అడుగగా అతనికి తెలియలేదు. పాత జరీ కొనేవారు వచ్చి తూకం లెక్కన అడిగారనీ, సెలవులలో ఇచ్చివేయాలని ఇంట్లో అనుకుంటున్నారనీ మాత్రం చెప్పాడు. తూకానికి కొన్న జరీ బట్టను కాల్చి వెండి తీస్తారు. ఆ షేర్వానీలో అసలు జరీ ఉన్నదా అంటే, తెలుగు పాఠం చెప్పే మేమూ వెంటనే జవాబు చెప్పలేకపోయాము. ఈ వ్యాసానికి కారణం అదే.

వస్త్రం మెరవడానికి మూడు హేతువులున్నాయి. మొదటిది దారం: పట్టుపోగు అడ్డుకోత త్రికోణాకారానికి దగ్గరగా ఉండి వెలుగును తిప్పికొడుతుంది. రెండవది నేత: పడుగు, పేక ఒకదానినొకటి అడుగడుగునా దాటక, ఒక పోగు పలు పోగుల మీదుగా సాగిపోతే ఉపరితలం నున్ననై నిగనిగలాడుతుంది. మూడవది రంగు: పడుగు ఒక రంగు, పేక మరొక రంగు అయితే చూసే కోణాన్ని బట్టి రంగు మారుతుంది. ఉర్దూలో దీనిని ధూప్‌ఛావ్ అంటారు. మన నేతగాండ్ర నెమలికంఠం రంగు ఈ కోవలోనిదే. లోహపు జరీ ఈ మూడింటికీ తరువాతి మాట. కావున మెరిసినదెల్లా జరీ అనుకోరాదు.

మష్రూ అనే వస్త్రం కథ మిక్కిలి ఆసక్తికరమైనది. పురుషులు శుద్ధమైన పట్టు ధరించరాదని హదీసు. పడుగు పట్టు, పేక నూలు అయిన వస్త్రాన్ని హనఫీ న్యాయశాస్త్రం అనుమతించింది. ‘మష్రూ’ అనగా ధర్మశాస్త్రం సమ్మతించినది అనియే అర్థం. నేతగాడు పట్టు పడుగును పైకి తేల్చి, నూలు పేకను లోపలికి దించాడు. చూసేవారికి పట్టు, ఒంటికి నూలు! శాస్త్రానికి విధేయుడై ఉంటూనే సౌందర్యాన్ని వదులుకొనని ఆ నేర్పును మేము ఎంతగానో మెచ్చుకుంటాము. గుర్తింపు సులభం. పైభాగం జారిపోతూ మెరుస్తుంది, వెనుక తాకితే నూలు తెలుస్తుంది. సాధారణంగా చారలుంటాయి.

హిమ్రూ ఔరంగాబాదు వస్త్రం. 1956 వరకు ఆ పట్టణం హైదరాబాదు రాష్ట్రంలో ఉండినందున ఇక్కడి సందుగులలో హిమ్రూ తరచు కనిపిస్తుంది. 1327లో ముహమ్మద్ బిన్ తుగ్లక్ రాజధానిని దౌలతాబాదుకు మార్చినప్పుడు వచ్చిన నేతగాండ్రతో ఈ కళ వచ్చిందని ఐతిహ్యం. ఇందులో పడుగు నూలు, పేక పట్టు. పూలు, తీగలు, బుటాలు అదనపు పేకతో నేస్తారు. వెనుకకు తిప్పితే ఆ పోగులు వదులుగా తేలుతూ కనిపిస్తాయి. వస్త్రం శాలువా వలె మెత్తగా ఉండడానికి కారణం అవే. వెనుక పోగులేవీ లేక పూలు పైనే ఉంటే అది అచ్చువేసిన నకలు.

కింఖాబులో మాత్రమే జరీ రాజ్యమేలుతుంది. కాశీ దీనికి ప్రసిద్ధి. అసలు జరీ అంటే వెండితీగను సాగదీసి, చదును చేసి, పట్టుదారానికి చుట్టి, బంగారు పూత పూసినది. కాలం గడిస్తే వెండి నల్లబడుతుంది. నల్లబడినదని పారవేయడం అజ్ఞానం, అది వెండి ఉన్నదనడానికి సాక్ష్యం. రాగిజరీకి ఆకుపచ్చని చిలుము పడుతుంది. ఏళ్లు గడిచినా నిన్నటిదాని వలె మెరుస్తూ, చేతికి తేలికగా ఉంటే ప్లాస్టిక్ జరీ అని అనుమానించవలెను.

అనుమానం తీరకపోతే కుట్టు లోపలి మడత నుండి ఒక్క పోగు తీసి కాల్చి చూడండి. పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి, నలిపితే పొడి అవుతుంది. నూలుకు కాగితం వాసన. పాలియెస్టరు కరిగి గట్టిపూస అవుతుంది. అస్తరు విప్పి చూస్తే చేతికుట్లు, చేతితో తీసిన కాజాలు దర్జీ చేతిని తెలుపుతాయి.

ధారణ విషయంలో మా అభిప్రాయం ఒక్కటే: షేర్వానీ మెరుస్తున్నప్పుడు తక్కినవన్నీ మౌనంగా ఉండాలి. తెల్లని నూలు కుర్తా, తెల్లని పైజామా, నల్లని బూట్లు చాలు. తళతళలాడే దుపట్టా, రాళ్ల బ్రూచి అనవసరం. నూలు కుర్తా చెమటను పీల్చుకొని వస్త్రాన్ని కూడ కాపాడుతుంది. అత్తరు కుర్తాకు రాసుకోవలెనే గాని జరీ మీద చల్లరాదు. భుజాలు బిగుతైతే బలవంతంగా తొడగరాదు, పాత పట్టు కుట్టు వద్దనే చీలుతుంది. ఇస్త్రీపెట్టె నేరుగా తగలరాదు. ఉతికిన తెల్లని నూలుబట్టలో చుట్టి, కొన్ని నెలలకొకసారి మడతలు మార్చవలెను.

కన్నులారా చూడదలచినవారు పురానీ హవేలీకి వెళ్లవచ్చు. అక్కడ ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వస్త్రశాల 176 అడుగుల పొడవున, రెండు అంతస్తులలో ఉన్నది. ఆయన కుమారుడు ఉస్మాన్ అలీఖాన్ పాత, సాదా షేర్వానీలతోనే గడిపాడన్నది లోకవిదితం. ఇక నేత సంగతి. 2021లో కీర్తిశేషులైన సురయ్యా హసన్ బోస్ గారు హైదరాబాదులో మగ్గాలు నెలకొల్పి, వితంతువులకు నేత నేర్పి, హిమ్రూ, మష్రూలను తిరిగి నేయించారు.

పండుగ తరువాత ఆ విద్యార్థి షేర్వానీని సంచీలో పెట్టుకొని మా గదికి తెచ్చాడు. అస్తరు ఒక మూల విప్పి చూచాము. వెనుక పోగులు వదులుగా తేలుతున్నాయి. పడుగు ముదురు నీలి నూలు, పేక ఎర్రని పట్టు. హిమ్రూ. జరీ కాలరు అంచున సన్నని పట్టీగా మాత్రమే ఉన్నది. కాల్చినవారికి చిటికెడు వెండి కూడ దక్కేది కాదు. ఇంట్లో అమ్మకం మాట మానుకున్నారనీ, అన్నగారి నికాహ్‌కు చేతులు రెండు అంగుళాలు వదులు చేయించడానికి పాత దర్జీ ఎవరైనా ఉన్నారా అనీ మొన్న అడిగాడు. వెతుకుతున్నాము.