డెడ్‌లైన్ షెడ్యూలింగ్: కెర్నెల్ మాటిచ్చి ఎలా నిలబెట్టుకుంటుంది?

ఈ ఎపిసోడ్‌లో లినక్స్ కెర్నెల్‌లోని డెడ్‌లైన్ షెడ్యూలర్ గురించి చూద్దాం. ఇది 2014లో, 3.14 వెర్షన్‌తో వచ్చింది.

మామూలు షెడ్యూలర్ సీపీయూ టైమ్‌ని అందరికీ న్యాయంగా పంచుతుంది. కానీ కొన్ని పనులకి వాటా దొరికితే చాలదు, టైముకి దొరకాలి. ఆడియో డేటా లేటైతే స్పీకర్‌లో టక్‌మంటుంది. రోబోకి కమాండ్ లేటైతే దాని చెయ్యి ఎవరికో తగులుతుంది. ఆలస్యం అమృతం విషం అన్నది ఇక్కడ అక్షరాలా నిజం.

మరి ముఖ్యమైన పనికి ప్రయారిటీ ఇస్తే సరిపోదా? లెక్క వేద్దాం. ఒకటే కోర్ ఉందనుకోండి. ఆడియోకి ప్రతి 10 మిల్లీసెకన్లలో 3 కావాలి. మోటార్‌కి ప్రతి 20లో 8 కావాలి. మోటార్ ముఖ్యం కదా అని ముందు దాన్ని నడిపితే 8 దగ్గర ఆగుతుంది. ఆడియో 11కి ముగుస్తుంది. గడువు 10 దాటిపోయింది, టక్!

అదే గడువు దగ్గరున్న ఆడియోని ముందు నడపండి. 3కి అయిపోతుంది. తర్వాత మోటార్. 10 దగ్గర ఆడియో మళ్లీ వచ్చినా, 14కల్లా అన్నీ పూర్తి. రెండింటి గడువూ 20 కాబట్టి ఇబ్బంది లేదు. దీన్నే ఎర్లియెస్ట్ డెడ్‌లైన్ ఫస్ట్ అంటారు. ఒక్క కోర్ మీద, పీరియడ్ చివరే గడువైతే, మొత్తం అవసరం 100 శాతం దాటనంతవరకు ఏ గడువూ తప్పదని 1973లో లియు, లేలాండ్ నిరూపించారు.

దాటితే? అసలు విషయం ఇక్కడే ఉంది. పెళ్లిళ్ల సీజన్‌లో మన తిరువూరులో ఒక టైలర్‌ని ఊహించుకోండి. వచ్చిన బట్టలన్నీ తీసుకుంటే ముహూర్తానికి ఎవరి జాకెట్టూ అందదు. మాట మీద నిలబడే టైలర్ "ఈ వారం కుదరదమ్మా" అని ముందే చెప్పేస్తాడు. కెర్నెల్ కూడా అంతే. ఆడియో 30 శాతం, మోటార్ 40 శాతం, మొత్తం 70. ఇంకో పని 30 శాతం అడిగితే 100 అవుతుంది. డిఫాల్ట్ హద్దు 95 శాతమే. అందుకని ఎర్రర్ ఇచ్చి పంపేస్తుంది. మిగతా 5 శాతం మామూలు పనుల కోసం.

ఇంకో జాగ్రత్త కూడా ఉంది. 3 అడిగిన పని 5 వాడబోతే, 3 దగ్గరే ఆపేస్తుంది. కోటా మళ్లీ నిండేదాకా ఆగాల్సిందే. ఒకరి తప్పుకి పక్కవాళ్లు నష్టపోరు.

కోర్లు ఎక్కువుంటే మాత్రం ఈ లెక్క కొంచెం మారుతుంది. గడువు తప్పవచ్చు, కానీ ఆ ఆలస్యం ఒక హద్దు దాటదు. గడువు కచ్చితంగా తప్పకూడదంటే ఆ పనుల్ని ఒకే కోర్‌కి కేటాయించి లెక్క వేసుకోవాలి.

కాబట్టి మీ ప్రోగ్రామ్‌కి ఆ ఎర్రర్ వస్తే విసుక్కోకండి. ఆల్రెడీ మాటిచ్చిన పనుల్ని కెర్నెల్ కాపాడుతోందని అర్థం. ఉంటానండి.