మోకాలి కింద దిండు వద్దు

నంద్యాలలో ఆపరేషన్ చేసి మావారికి మోకాలి దిగువన కాలు తీసేశారు. షుగరు పుండు అంత దాకా తెచ్చింది. మూడోరోజు నొప్పి అంటుంటే పాపం కదా అని మోకాలి కింద మెత్తని దిండు పెట్టాను. వ్యాయామం చేయించే అమ్మాయి చూసి, "ఏందమ్మా ఇది! మోకాలు ఇట్లే వంగి బిగుసుకుంటే రేపు కాలెట్లా తొడిగేది?" అని లాగేసింది. మీ ఇంట్లో ఎవరికైనా ఈ కష్టం వస్తే ఇది గుర్తుంచుకోండి. మోకాలు చాపే ఉంచాలి.

ఆళ్లగడ్డ ఇంటికి వచ్చాక అసలు పని మొదలైంది. వాపు తగ్గడానికి క్రేప్ బ్యాండేజి కట్టాలి. గుండ్రంగా చుట్టకూడదు. ఎనిమిది అంకెలాగా ఏటవాలుగా, చివరన బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా కట్టాలి. నాకు చేయి తిరగడానికి పది రోజులు పట్టింది.

లేని పాదం వేళ్లు మండుతున్నాయని రాత్రుళ్లు అనేవారు. మతి చెడిందేమోనని హడలిపోయాను. అది నిజమైన నొప్పేనట, మందులున్నాయట. డాక్టరుకు చెప్పడానికి సిగ్గుపడొద్దు. ఒకసారి కాలు లేదన్న సంగతి మరిచి నిద్రమత్తులో మంచం దిగబోయారు కూడా. అప్పటినుంచి రాత్రంతా చిన్న దీపం వేసి ఉంచుతున్నాను.

తర్వాత జైపూర్ కాలు పెట్టించాం. 1968లో రామచంద్ర శర్మ అనే శిల్పి, డాక్టర్ పి.కె. సేథీ కలిసి ఆ రబ్బరు పాదం తయారు చేశారు. చెప్పుల్లేకుండా నడవొచ్చు, నేల మీద కూర్చోవచ్చు. శిల్పాలు చెక్కే ఊరివాళ్లం కదా, శిల్పి చేసిన కాలంటే మాకు భలే నచ్చింది. "మయూరి" చూశారుగా? 1981లో ప్రమాదం తర్వాత కాలు పోయిన సుధాచంద్రన్ జైపూర్ కాలితోనే మళ్లీ నాట్యం చేసి, 1985లో ఆ సినిమాలో తన పాత్ర తానే వేసింది.

అయితే కాలు వచ్చిందని మన పని తీరదు. మొదట్లో కొద్దిసేపే తొడగాలి. మొండి భాగాన్ని రోజూ రాత్రి సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వాలి. పొద్దున కడిగి తడి మీద తొడిగితే చర్మం చెడుతుంది. తొడిగే ముందు నూనె అసలు రాయొద్దు. మేజోడు రోజూ ఉతికిందే వేయాలి, ముడత ఉండకూడదు. విప్పాక కింద అద్దం పెట్టి చూడండి. ఎర్రదనం పావుగంటకూ పోకపోతే ఇక తొడగకుండా, కాలు చేసిన వాళ్లకు చూపించాలి. షుగరున్న వాళ్లకు నొప్పి తెలియదు, మనమే చూడాలి. రెండో పాదాన్ని కూడా!

మొన్న మావారు ఒక్కరే బస్సెక్కి నంద్యాల పోయి చూపించుకొచ్చారు. వచ్చేదాకా నేను అన్నం ముట్టలేదు, అది వేరే సంగతనుకోండి.