ఊరు మరచిన జ్ఞాపికలు

కాశికి పోయి వచ్చినవారు గంగచెంబు తెత్తురు. మూతకు లక్కవేసిన ఆ చిన్న చెంబును చూచినంతనే, అది ఎచ్చటనుండి వచ్చినదో ఇంటిలోని పసివారు సైతము చెప్పగలరు. కొండపల్లికి పోయినవారు తెల్లపొణికి కర్రతో చేసిన అంబారీ ఏనుగును కొని తెత్తురు. ఆ వస్తువుల వెల స్వల్పమే కావచ్చును. కాని అవి తమ ఊరి పేరును తామే చెప్పుకొనును. ఒక స్థలమును దర్శించినందులకు గుర్తుగా తెచ్చుకొను ఇట్టి వస్తువునే జ్ఞాపిక యందుము. జ్ఞాపికకు ఉండవలసిన మొదటి గుణము అందము కాదు, మన్నికయు కాదు. అది ఆ చోటనే దొరకవలెను. "ఇది మన బజారులోనే దొరకును గదా!" యని పొరుగువారన్ననాడు దాని విలువ సగము పోయినట్లే.

ఈ గుణము ఎట్లు సన్నగిల్లుచున్నదో తెలిసికొనుటకు అమెరికాలోని థీమ్ పార్కుల కానుకల అంగళ్లు తగిన ఉదాహరణము. ఒక కథనో, ఒక కాలమునో, ఒక దేశమునో తలపించునట్లు వీధులను, భవనములను, వాహనములను నిర్మించి, రుసుము గైకొని జనులను అందు విహరింపజేయు వినోదస్థలములకు థీమ్ పార్కులని పేరు. వానిలో మిక్కిలి ప్రసిద్ధమైనది డిస్నీలాండు. బొమ్మల చలనచిత్రములు నిర్మించి పేరొందిన వాల్ట్ డిస్నీ, కాలిఫోర్నియా రాష్ట్రమందలి అనహైము పట్టణమున, 1955వ సంవత్సరము జూలై 17వ తేదీన దీనిని ప్రారంభించెను.

ద్వారము దాటి లోనికి పోయినంతనే మెయిన్ స్ట్రీట్ అను వీధి కనబడును. 1900 ప్రాంతముల నాటి చిన్న అమెరికా పట్టణము ఎట్లుండెడిదో ఆ వీధి అట్లుండును. నిర్మాణమునకు అయిన వ్యయము సుమారు 1 కోటి 70 లక్షల డాలర్లు. అంత ధనము సమకూర్చుట డిస్నీకి కష్టమయ్యెను. అందువలన ఆ వీధిలోని అంగళ్లలో పెక్కింటిని బయటి వర్తకులకు అద్దెకిచ్చెను. ధనము చాలక చేసిన ఈ యేర్పాటు వలన అనుకొనని మేలొకటి కలిగెను. ఏ అంగడికి ఆ అంగడి వేరుగా నుండెను. ఒక మందుల కంపెనీవారు పాతకాలపు మందుల అంగడిని నెలకొల్పి, గాజుపాత్రలో జలగలను ఉంచి చూపుచు, వచ్చినవారికి విటమిను మాత్రల చిన్న సీసాను ఉచితముగా ఇచ్చెడివారు. అది అంగడియా, ప్రదర్శనశాలయా యని సందేహము కలుగక మానదు!

కథాలోకమను భాగములో మెర్లిన్ మాయల అంగడి యుండెను. అందు అమ్మువారు కేవలము సరకు చూపి వెల చెప్పువారు గారు. బల్లకు ఆవల నిలిచి నాణెమును మాయము చేసి, పేకముక్కను పుట్టించి, చూచువారి నోరు తెరపించిన పిమ్మట ఆ విద్యకు వలసిన సామగ్రిని అమ్మెడివారు. తరువాతి కాలమున హాస్యనటుడుగా గొప్ప పేరు గాంచిన స్టీవ్ మార్టిన్ తన కౌమారమున ఆ బల్ల వెనుకనే పనిచేసెను. జనులను నవ్వించు నేర్పును అచ్చటనే అలవరచుకొనెననిన తప్పు లేదు. 1983లో ఆ భాగమును పునర్నిర్మించినపుడు ఆ అంగడి తొలగిపోయెను.

1966లో న్యూ ఆర్లియన్స్ స్క్వేర్ అను క్రొత్త వీధి తెరువబడినది. అందలి ఒక అంగడికి "ఒక్కటే వస్తువు" అను అర్థము వచ్చు పేరు పెట్టిరి. అందు అమ్మినవి పురాతన వస్తువులు. ఒకటి అమ్ముడు పోయినచో దానిని పోలినది మరల వచ్చెడిది కాదు. సమీపముననే మరియొక అంగడిలో, కొనువారి అభిరుచిని అడిగి తెలిసికొని, వారి కొరకే అత్తరులను కలిపి ఇచ్చెడివారు. 1967లో స్పెయిను దేశస్థులైన అరిబాస్ సోదరులు గాజుపనివారి అంగడిని తెరచిరి. ఇట్టివి అనహైము నేలలో పుట్టిన కళలు కావనుట నిజమే. కాని కొనువాని కన్నుల యెదుట, కొనువాని కొరకు తయారగుట వలన అవి ఆ చోటికి చెందిన వస్తువు లయ్యెను.

డిస్నీలాండుకు సుమారు 10 కిలోమీటరుల దూరమున బ్యూనా పార్కు అను పట్టణము గలదు. అచ్చటి నాట్స్ బెర్రీ ఫారము చరిత్ర మరింత విచిత్రమైనది. అందు జ్ఞాపిక ముందు పుట్టి, వినోదస్థలము తరువాత పుట్టినది. రుడాల్ఫ్ బాయ్‌సెన్ అనునతడు పలు బెర్రీ జాతులను సంకరము చేసి క్రొత్త పండును సృష్టించి, తుదకు విడిచిపెట్టెను. వాల్టర్ నాట్ అను రైతు ఎండిపోవుచున్న ఆ తీగెలను తెచ్చి బ్రతికించి, ఆ పండునకు బాయ్‌సెన్‌బెర్రీ యని పేరిడి, 1930 తరువాతి సంవత్సరములలో అమ్మసాగెను. అతని భార్య కార్డీలియా 1934లో కోడికూర భోజనములు పెట్ట నారంభించెను. భోజనమునకు వేచియుండు జనులకు ప్రొద్దుపోవుటకై నాట్ పాతకాలపు పల్లెను కట్టించెను. అదియే పెరిగి పార్కు అయ్యెను. అచ్చటినుండి జాము సీసాను తెచ్చుకొనుట అనిన, ఆ స్థలము పుట్టుకనే ఇంటికి తెచ్చుకొనుట. కాని రానురాను ఆ సీసా దూరపు పట్టణముల కిరాణా అంగళ్లకును చేరినది. 1995లో జాము వ్యాపారము ఒక పెద్ద ఆహారపు కంపెనీకిని, 1997లో పార్కు మరియొక సంస్థకును అమ్ముడు పోయినవి. పేరు ఒకటే, యజమానులు మాత్రము వేరైరి.

డిస్నీవారి అంగళ్లలో మార్పు వేరొక విధముగా వచ్చినది. అద్దె గడువులు తీరిన కొలది సంస్థవారే అంగళ్లను స్వాధీనము చేసికొనిరి. 1971లో ఫ్లోరిడాలో రెండవ పార్కు, 1983లో టోకియోలో, 1992లో పారిసు సమీపమున, 2005లో హాంకాంగులో, 2016లో షాంఘైలో తక్కిన పార్కులు వెలసినవి. ఫ్లోరిడాలోని మెయిన్ స్ట్రీటులో ఒక చిన్న పక్కవీధి యుండెను. 2001లో దానిని పూడ్చి, పెద్ద అంగడియైన ఎంపోరియమును విస్తరింపజేసిరి. నేడు బయట నిలిచి చూచువానికి రంగురంగుల గోడలతో వేరువేరు అంగళ్లు వరుసగా ఉన్నట్లు తోచును. లోన ప్రవేశించినచో గోడలు లేవు; ఒక తలుపున ప్రవేశించి వీధి పొడవునను లోలోననే నడచిపోవచ్చును. నా మట్టుకు, జ్ఞాపికలకు కలిగిన మార్పునంతటిని ఈ కట్టడమే చెప్పుచున్నదని తోచును.

ఇట్లేల చేసిరని మీరడుగవచ్చును. ఒక చిన్న లెక్క వేసి చూడుడు. ఒక ప్లాస్టికు బొమ్మ చేయుటకు ముందుగా ఉక్కు అచ్చును తయారు చేయింపవలెను. దానికి లక్ష రూపాయలు వ్యయమగుననుకొందము. వేయి బొమ్మలే పోసినచో ఒక్కొక్క బొమ్మపై అచ్చు భారము 100 రూపాయలు పడును. లక్ష బొమ్మలు పోసినచో ఆ భారము ఒక్క రూపాయియే. ఒకే బొమ్మను అన్ని పార్కులలోను అమ్మిననే లక్ష బొమ్మలు చెల్లును. కావున బొమ్మపై అనహైము పేరుగాని, ఫ్లోరిడా పేరుగాని ఉండరాదు. ఏ ఊరి పేరును లేని బొమ్మయే ఎల్లెడల చెల్లును. లెక్క కుదిరినది, ఊరు తొలగినది.

పార్కు వెలుపల కూడ ఈ వర్తకము వ్యాపించినది. 1987లో డిస్నీవారు కాలిఫోర్నియాలోని గ్లెన్‌డేలులో, పార్కుతో సంబంధము లేని ఒక బజారు సముదాయమున, తమ సొంత అంగడిని తెరచిరి. పిమ్మట అట్టివి నగరనగరమునను వెలసినవి. తరువాత అంతర్జాలము వచ్చినది. 2021లో అమెరికాలోని ఆ అంగళ్లలో పెక్కింటిని మూసివేసి, సంస్థవారు అంతర్జాలపు అమ్మకమునకే ప్రాముఖ్యమిచ్చిరి. ఇంట కూర్చుండి తెప్పించుకొనదగిన వస్తువును పార్కునుండి మోసికొని వచ్చుట దేనికి?

అయినను పాత పద్ధతినే పొగడి క్రొత్తదానిని తెగడుట న్యాయము గాదు. పురాతన వస్తువును కొనగల స్తోమత ఎందరికి గలదు? ఒకే బొమ్మను లక్షలకొలది చేయుట వలననే, కొద్ది డబ్బుతో వచ్చిన బాలుడును ఏదో ఒకటి చేతబట్టుకొని పోగలుగుచున్నాడు. చూడలేక ఊరకుండిన వృద్ధులకు, రోగులకు అంతర్జాలపు అంగడి ఒక ఉపకారమే. మరియు కొనువారిలో పెక్కురు కోరునది స్థలపు గుర్తు కాదు, తమకు ప్రియమైన చిత్రములోని పాత్ర. అట్టివారికి ఆ బొమ్మ ఎచ్చట దొరికిన నేమి?

ఒకే రకపు సరకుపై జనులకు విసుగు పుట్టకుండుటకై సంస్థవారును ఉపాయములు పన్నిరి. 1999లో ఫ్లోరిడాలో ఎనామెలు బిళ్లల మార్పిడిని ప్రవేశపెట్టిరి. చొక్కాకు గుచ్చుకొను ఈ చిన్న బిళ్లలను పార్కు ఉద్యోగులతో మార్చుకొనవచ్చును. కొన్నింటిని ఇన్ని మాత్రమే యని లెక్కకట్టి విడుదల చేయుదురు. పండుగలకు, వార్షికోత్సవములకు ప్రత్యేకముగా వస్తువులు వచ్చును. దాని ఫలితము చూడుడు: కొందరు తెల్లవారకమునుపే వరుసలో నిలిచి ఆ వస్తువులను కొని, అంతర్జాలములో హెచ్చు వెలకు అమ్ముకొనుచున్నారు. దానిని నిలుపుటకై ఒక్కొక్కరికి ఇన్ని మాత్రమే యని నియమము పెట్టవలసి వచ్చినది. ఈ అరుదుదనము స్థలము వలన కలిగినది కాదు, తేదీ వలన కలిగినది. రెంటికిని భేదము గలదు. కొండపల్లి బొమ్మ ఎన్ని వేలు చేసినను కొండపల్లి బొమ్మయే.

టోకియోలోని పార్కు కథ కొంత వేరు. దాని యజమాని డిస్నీ సంస్థ కాదు. అనుమతి పొంది నడపుచున్న ఓరియెంటల్ ల్యాండ్ అను జపాను కంపెనీ. ఆ కంపెనీవారు తమ సరకును తామే రూపొందించుకొందురు. జపానులో ప్రయాణము చేసి వచ్చినవారు బంధువులకును, తోడి ఉద్యోగులకును ఆ ఊరి తినుబండారమును తెచ్చి పంచుట ఆచారము. దీనిని ఓమియాగే యందురు. అందువలన అచ్చట అందమైన రేకు డబ్బాలలో మిఠాయిలు విశేషముగా అమ్ముడగును. పంచిపెట్టవలసినది ఆ చోటిదే కావలెనని కొనువారు పట్టుబట్టుదురు గనుక, అమ్మువారును దానిని విడువలేదు.

అనహైములోని మెయిన్ స్ట్రీటులో 1956లో ఒక నీడచిత్రముల అంగడి వెలసినది. అరువది సంవత్సరములు దాటిన పిమ్మటను అది సాగుచు వచ్చినది. అందు యంత్రములు లేవు. పనివాడు కొనువానిని ప్రక్కకు తిరిగి కూర్చుండుమని, గీత యైనను గీయక, చిన్న కత్తెరతో నల్లకాగితమును కత్తిరించును. నుదురు, ముక్కు, పెదవి, గడ్డము ఒకదాని వెంట నొకటి బయటపడును. రెండు మూడు నిమిషములలో పని ముగియును. కాగితమును మడచి కత్తిరించినచో ఒకేసారి రెండు ప్రతులు వచ్చును: ఒకటి తమ యింటికి, ఒకటి అవ్వతాతల యింటికి.